జంటచిత్రములు, కల్లమేడు ఎముకలు

1858వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి వెలువడిన ప్రభుత్వ ఛాయాచిత్ర సంపుటములలో మధురకు సంబంధించినది యొకటి, తిరుచిరాపల్లి తంజావూరులకును వాని పరిసరములకును సంబంధించినది మఱియొకటి, తక్కినవానివలె ఒంటి చిత్రములతో గాక జంటచిత్రములతో కూర్పబడినవి. మదరాసు పదాతిదళమున కెప్టెనుగా నుండి, 1855లో బర్మా రాజసభ కేగిన దౌత్యబృందము వెంట వెళ్లి అచటి కట్టడముల ఛాయాచిత్రములను దెచ్చి పేరొందిన లినేయస్ ట్రైపు, మదరాసు ప్రభుత్వమువారి ఛాయాచిత్రకారుడుగా నియమితుడై, 1857 డిసెంబరు మొదలు మఱుసటి వేసవి వఱకు ఎడ్లబండ్లపై తన కెమెరాలను, పలకలను, రసాయనపు సీసాలను మోయించుకొని దక్షిణదేశమున సంచరించి, ఒకే దృశ్యమును కొలది యెడముగల రెండు తావులనుండి రెండుమార్లు చిత్రించి యీ జంటలను సిద్ధపఱచెను. ఆ రెండు చిత్రములను అట్టపై ప్రక్కప్రక్కన నంటించి స్టీరియోస్కోపు అను చిన్న పరికరముగుండ చూచినచో, ఎడమకన్ను ఎడమచిత్రమునే, కుడికన్ను కుడిచిత్రమునే గ్రహింపగా, మనస్సు ఆ రెంటిని ఒక్కటిగా కూర్చుకొని, కాగితముపై చదునుగా పడియున్న కొండను, కోవెలను, మండపమును లోతుతో, ఉబ్బుతో, ముందువెనుకలతో మనయెదుట నిలుపును.

ఆ తిరుచిరాపల్లికి ఇంచుమించు నలుబది మైళ్ల దూరమున, నేటి అరియలూరు జిల్లాలోని కల్లమేడు అను గ్రామమునొద్ద, భూమిపై నడచిన మిక్కిలి పెద్ద జంతువులలో నొకటియని నేడు పండితులు లెక్కించుచున్న యొక డైనోసారు ఎముకలు, ట్రైపు పర్యటించిన నూటముప్పది యేండ్లకు లోకమునకు తెలియవచ్చి, లోతు తెలుపు చిత్రమొక్కటియైనను ప్రకటితము గాకముందే పొడియై నశించినవి. లోతును చూపు విద్య అంత ముందే వచ్చిన సీమయందే, ఆ విద్య అత్యంతావశ్యకమైన వస్తువునకు అది దక్కకపోవుట నన్ను చిరకాలముగా బాధించుచున్న విషయము. కావున ఈ రెండు వృత్తాంతములను ఒక్కచోట చేర్చి చెప్పబూనితిని.

మనుష్యుని రెండు కన్నులకు నడుమ సుమారు రెండున్నర అంగుళముల యెడము కలదు. ఆ యెడమువలన ఒక్కొక్క కంటికి వస్తువు ఒక్కొక్క విధముగా కాన్పించుననియు, ఆ భేదమునుండియే మనకు లోతు తెలియుచున్నదనియు 1838లో ఇంగ్లండునందు చార్లెస్ వీట్‌స్టన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు నిరూపించి, అద్దములతో మొదటి స్టీరియోస్కోపును నిర్మించెను. ఛాయాచిత్రకళ లోకమునకు ఇంకను ప్రకటితము కాని కాలమది. అతడు గీతలతో గీచిన బొమ్మలనే వాడెను. పిమ్మట డేవిడ్ బ్రూస్టరు కటకములతో చేతబట్టుకొన వీలైన పెట్టెను కల్పించుట, 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమున అది విక్టోరియా రాణి మెప్పును పొందుట, ఆపై కొలది సంవత్సరములలోనే ఐరోపాలోని మధ్యతరగతి గృహములలో జంటచిత్రముల అట్టలు సాధారణ వినోదసామగ్రియగుట వరుసగా జరిగిన సంగతులు. మహాప్రదర్శనమునకై కట్టిన స్ఫటికభవనమును తరువాత సిడెన్‌హాముకు తరలించి, అచటి ఉద్యానమున 1854లో బెంజమిన్ వాటర్‌హౌస్ హాకిన్స్ అను శిల్పి నిలువెత్తు డైనోసారు విగ్రహములను నెలకొల్పెను. రిచర్డ్ ఓవెన్ ఆ జంతుజాతికి పేరుపెట్టి పండ్రెండేండ్లు మాత్రమే యైనది. లోతుగల చిత్రము, లుప్తజంతువుల ప్రదర్శనము ఒక తరముననే పుట్టి పెరిగినవి.

చెన్నపట్టణమునకు ఈ రెండును ఆలస్యముగా వచ్చినవనుకొనరాదు. లండను మహాప్రదర్శనము జరిగిన 1851వ సంవత్సరముననే మదరాసు మ్యూజియము ఏర్పడెను. మదరాసు సాహిత్యసంఘమువారు సమకూర్చియుంచిన 1,100 భూగర్భశాస్త్ర నమూనాలే దానికి మూలధనము. వైద్యుడైన ఎడ్వర్డ్ బాల్ఫరు దాని కధికారియై, కాలేజీ రోడ్డునందలి ఫోర్ట్ సెంట్ జార్జి కళాశాల మేడమీద ఆ రాళ్లను అమర్చెను. 1854లో మ్యూజియము ఎగ్మూరునందలి పాంథియను భవనమునకు మారినది. మఱుసటి యేట ఆ యావరణముననే జంతుప్రదర్శనశాలయు మొదలైనది. కాలేజీలో పుట్టిన సంస్థ కనుక మనవారు దానిని ‘చచ్చిన కాలేజీ’ అనియు, జంతుశాలను ‘బ్రతికిన కాలేజీ’ అనియు పిలుచుకొనిరి. నెల్లూరునుండియు, చిత్తూరునుండియు పట్నము చూడవచ్చిన తెలుగు కుటుంబములు ఈ రెండు కాలేజీలను చూడక తిరిగిపోయెడివి కావు. పాఠశాల మెట్టెక్కని యిల్లాండ్రును, బాలురును ప్రాణము లేని వస్తువుల యెదుట గంటల తరబడి నిలిచి చూచిన యా తావునకు కాలేజీయను పేరు అన్నివిధముల తగినదే.

ఆ చచ్చిన కాలేజీయందే ట్రైపు 1858లో మఱియొక గొప్పపని చేసెను. 1845లో వాల్టరు ఎలియట్ మన అమరావతి స్తూపమునుండి త్రవ్వించి మదరాసునకు చేర్చిన శిలాఫలకములను, అనగా అప్పట్లో ఎలియట్ మార్బుల్సు అని వ్యవహరింపబడిన వానిని, మ్యూజియములో ఒక్కొక్కటిగా ఛాయాచిత్రములు దీసి సంపుటముగా వెలయించెను. మఱుసటి సంవత్సరము ఆ ఫలకములలో పెక్కు ఓడనెక్కి లండనునకు పోయినవి. అవి పోవుటకు పూర్వము మన గడ్డపై నెట్లుండెనో తెలిసికొనవలెనన్నచో నేటికిని ఆ సంపుటమే శరణ్యము. వస్తువు చేయి దాటుటకు ముందే దాని రూపమును పట్టియుంచుట యెంత యుపకారకమో తెలుగువారికి ఇంతకంటె దగ్గఱ దృష్టాంతము దొరకదు. ఐనను ఆ చిత్రములు ఒంటి చిత్రములే. తిరుచిరాపల్లి గోపురములకు దక్కిన లోతు అమరావతి బుద్ధచరిత్రకు దక్కలేదు.

1859లో గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెలియన్, ఖజానా యున్న స్థితిలో ఛాయాచిత్రముల శాఖ ప్రభుత్వమునకు తగని విలాసమని తలంచి దానిని ఆపివేయించెను. సిపాయిల తిరుగుబాటు ముగిసిన వెంటనే వచ్చిన పాలకుడు వ్యయమును తగ్గింపజూచుట ఆశ్చర్యకరము కాదు. కాని ప్రభుత్వమువారు తమ పరిశీలనకార్యములలో ఛాయాచిత్రమును, అందును జంటచిత్రమును, నిత్యసాధనముగా చేసికొను నవకాశము దానితో ముగిసినది. ఆ పని సాగియుండినచో అది కోవెలలతో ఆగక భూగర్భశాఖవారి చేతికిని అందెడిదని నేను నమ్ముదును. ఏలయన ఇంచుమించు ఆ దినములందే, తిరుచిరాపల్లి జిల్లాయందే, భారత భూగర్భపరిశీలన శాఖకు చెందిన హెన్రీ ఫ్రాన్సిస్ బ్లాన్‌ఫర్డ్ రాతిపొరలను పరిశోధించుచుండెను.

అరియలూరు, విరుదాచలము, పుదుచ్చేరి ప్రాంతములందలి రాళ్లలో శంఖములును గవ్వలును రాతిగా మారి దొరకుచున్న సంగతిని 1840 ప్రాంతమున మదరాసు సివిలు ఉద్యోగులైన కే, కన్‌లిఫ్ అనువారు గమనించి, వానిని సేకరించి లండనునకు పంపిరి. ఎడ్వర్డ్ ఫోర్బ్స్ వానిని పరీక్షించి, అవి క్రెటేషియసు కాలపు సముద్రజీవులని తేల్చెను. పిమ్మట బ్లాన్‌ఫర్డ్ గ్రామగ్రామము తిరిగి, ఆ పొరలను ఉట్టత్తూరు, తిరుచిరాపల్లి, అరియలూరు వర్గములని మూడుగా విభజించి 1862లో తన గ్రంథమును ప్రకటించెను. ఆ శంఖములను ఫెర్డినాండ్ స్టోలిచ్కా వర్ణించిన సంపుటములు ‘పేలియంటలాజియా ఇండికా’ శ్రేణిలో 1860, 1870 దశకములలో వెలువడినవి. వాని చిత్రఫలకములను చూచినవారు ఆనాటి శిలాముద్రణకారుల శ్రద్ధకు నమస్కరింపక మానరు. ఒకే శంఖమును ముందునుండి, వెనుకనుండి, ప్రక్కనుండి, నోటివైపునుండి వేర్వేఱుగా చిత్రించి, నీడలచే గుండ్రదనమును సూచించి, చేతిలో పట్టుకొని త్రిప్పి చూచిన యనుభవమును కాగితముపై కల్పింప వారు పడిన పాట్లు ప్రతి పుటయందును కాన్పించును. జంటచిత్రము రెండు కన్నులతో ఒక్కమారు చూపుదానిని వారు పలుమారులు గీచి చూపగోరిరి.

సముద్రపు పొరలకుపైన, అరియలూరు వర్గము చివరనున్న కల్లమేడు పొర నదులు తెచ్చిపోసిన యిసుక, బంకమన్నులతో ఏర్పడినది. శంఖముల సీమలో డైనోసారు ఎముకలు దొరకుట ఇందువలననే. చార్లెస్ ఆల్ఫ్రెడ్ మాట్లీ యీ ప్రాంతపు డైనోసారులనుగూర్చి 1929లో భూగర్భపరిశీలన శాఖవారి పత్రికలో వ్యాసమును ప్రకటించెను. జబ్బల్పూరు డైనోసారులను ఫాన్ హ్యూనె యను జర్మను పండితునితో గూడి వర్ణించినవాడును ఇతడే. అతని తరువాత ఐదు దశాబ్దములకు, ఆ శాఖకే చెందిన పి. యాదగిరి, కృష్ణన్ అయ్యసామి అను నిరువురు అరియలూరు ప్రాంతమును మరల శోధించి, 1979లో ‘ద్రవిడోసారస్ బ్లాన్‌ఫర్డి’ అను డైనోసారును వర్ణించిరి. వీపున పలకలుగల స్టెగోసారు జాతిదని వారి నిర్ణయము. కాదు, సముద్రమున ఈదు ప్లీసియోసారుదని 1990వ దశకమున శంకర్ చటర్జీ ప్రభృతుల వాదము. ఒకే ఎముకల కుప్పను ఒకరు నేలపై నడచినదనియు, మఱియొకరు నీట నీదినదనియు చెప్పగలిగినప్పుడు, తీర్పు చెప్పవలసినది ఎముకల యాకారమే. ఆ యాకారమును ఎవరి గదిలో వారు కూర్చుండి అన్నివైపుల పరీక్షించుకొను వీలు అప్పట్లో లేకపోయెను.

యాదగిరి పేరు తెలుగువారికి మఱియొక విధమున పరిచితము కావలసినది. అప్పటి ఆదిలాబాదు జిల్లాలో యామనపల్లి యొద్ద ప్రాణహిత గోదావరుల లోయనుండి బయల్పడిన దీర్ఘకంఠపు డైనోసారును 1988లో ‘కోటసారస్ యామనపల్లియెన్సిస్’ అను పేర లోకమునకు తెలిపినవాడితడే. పండ్రెండు జంతువులకు తక్కువగాని 840 ఎముకలనుండి కూర్చిన దాని అస్థిపంజరము హైదరాబాదునందలి బిర్లా సైన్సు మ్యూజియములో నేడును నిలిచియున్నది. ఆ లోయలోనే పోచంపల్లి యొద్ద 1960 ప్రాంతమున భారత గణాంకశాస్త్ర సంస్థవారు త్రవ్విన ‘బారపాసారస్ టాగోరై’ ఎముకలు కలకత్తా చేరి, 1977లో అస్థిపంజరముగా నిలిచినవి. గోదావరి తీరపు గట్టిరాతిలోని యెముకలకు ఆయువు గట్టిది. కావేరి తీరపు యెముకలకు అది లేకపోయెను.

కల్లమేడు గ్రామమునకు ఈశాన్యమున దొరకిన యెముకలను యాదగిరి, అయ్యసామి 1987లో వర్ణించి, మాట్లీ స్మరణార్థము ‘బృహత్కాయోసారస్ మాట్లియై’ అని నామకరణము చేసిరి. కటి ఎముక, తొడ ఎముక, పిక్క ఎముక, ముంజేతి ఎముక, తోక వెన్నుపూస, అన్నియు అసంపూర్ణములే. వానిలో పిక్క ఎముక రెండు మీటర్ల పొడవని వారు వ్రాసిరి. అర్జెంటీనాలో దొరకి, అతిపెద్ద డైనోసారుగా కీర్తింపబడిన అర్జెంటినోసారసు పిక్క ఎముక ఒకటిన్నర మీటరుకు కొంచెము మించును. ఈ కొలతల భేదమును ఆలోచించినవాడెవడైనను తృళ్లిపడక మానడు. వర్ణించినవారు దీనిని మాంసాహారియని తలంచిరి. తరువాతి పండితులు శాకాహారులైన టైటనోసారుల జాతిదని సవరించిరి. 2023లో గ్రెగొరీ పాల్, లరమెండి అను పరిశోధకులు దీని బరువు 110 మొదలు 170 టన్నుల వఱకు నుండవచ్చునని, అనగా నీలి తిమింగలముతో పోల్పదగినదని, సందేహసహితముగనే లెక్కగట్టిరి.

ఆ సందేహమునకు హేతువేమి? ఎముకలు నేడు లేవు. 1987 నాటి వ్యాసమున నున్నవి కొన్ని రేఖాచిత్రములు, నేలలో పడియున్న స్థితిలో తీసిన కొలది ఛాయాచిత్రములు మాత్రమే. కల్లమేడు బంకమన్నులోని యెముక మిక్కిలి పెళుసు. వాననీటికి ఉబ్బి, ఎండకు పగిలి, వెలికి తీయగానే తడిసిన బెల్లపు అచ్చువలె విడిపోవును. పైన గట్టి కట్టు వేసి మోసినను, భూగర్భశాఖవారి భవనమును చేరకమునుపే లోపల సడలనారంభించెను. ఆ యెముకలు శిథిలములై యిక లేవని 2017లో పీటరు గాల్టన్, అయ్యసామి ప్రకటించిరి. మూలవస్తువు లేదు, ఉన్న బొమ్మలు చదును. కనుక కొందఱు, అది యెముకయే కాదేమో, రాతిగా మారిన చెట్టుబోదెయేమో యని శంకించిరి. ఆ శంకను దురుద్దేశముగా తలపరాదు. అరియలూరు, పెరంబలూరు ప్రాంతములలో శిలావృక్షములు నిజముగనే కలవు. సాత్తనూరు గ్రామమునొద్ద ఎం. ఎస్. కృష్ణన్ 1940లో గుర్తించిన పదునెనిమిది మీటర్ల రాతిమాను నేటికిని చూడదగియున్నది. రాతిమానును, రాతియెముకను వేఱుపఱచునది అంతర్నిర్మాణము, కొసలయందలి కీలు ఆకృతి, కండరములు పట్టిన గట్లు. ఇవన్నియు లోతునకు సంబంధించినవి. రేఖాచిత్రము గీచువాడు ఏది గట్టో, ఏది పగులో తానే నిర్ణయించి గీచును. చూచువానికి ఆ నిర్ణయమే దక్కును గాని వస్తువు దక్కదు.

2022లో సౌరవ్ పాల్, అయ్యసామి కలిసి, అంతవఱకు ప్రకటితములు గాని పాత ఛాయాచిత్రములను బయటపెట్టి, ఎముక యెముకయేననియు, టైటనోసారుదేననియు వాదించిరి. కన్నులార చూచిన యిరువురిలో ఒక్కడు, ముప్పదియైదేండ్ల తరువాత, మాసిన ఫోటోలను చేతబట్టి తన సాక్ష్యమును లోకమునకు నమ్మించుకొనవలసివచ్చుట చింతనీయము. నా దృష్టిలో అయ్యసామి మాట నమ్మదగినదే. కాని శాస్త్రము ఒకరి మాటపై నిలువదు. ప్రతివాడును తిరిగి చూచి తేల్చుకొన వీలైన వస్తువుపై నిలుచును.

ఇట్టి నష్టము మన యొక్కరికే కలిగినది గాదు. అమెరికాలో ఎడ్వర్డ్ కోప్ 1878లో వర్ణించిన బ్రహ్మాండమైన వెన్నుపూస యొకటి, దాని పెళుసుతనమును బట్టియే అతడు పేరు పెట్టినది, ఎచటికో పోయినది. అతడు గీచిన యొక్క బొమ్మ మిగిలెను. ఆ బొమ్మ నాధారము చేసికొని నూటనలుబది యేండ్లుగా పండితులు కలహించుచున్నారు. ఈజిప్టునందు దొరకి, 1915లో ఎర్నస్ట్ స్ట్రోమరు వర్ణించిన స్పైనోసారసు ఎముకలు 1944 ఏప్రిలునందు మ్యూనిక్ నగరముపై పడిన బాంబులకు బూడిదయైనవి. జబ్బల్పూరునందు 1828లో స్లీమను ఏరిన యెముకలలో, 1877లో లిడెకరు టైటనోసారసు అని పేరిడిన వెన్నుపూస చిరకాలము కనబడక, 2012లో కలకత్తా భూగర్భశాఖ నిలువలలోనే మరల దొరకినది. పోయినది దొరకుట యొక యదృష్టము, పొడియైనది దొరకదు.

ఇప్పుడు ఉపాయమున్నది. ట్రైపు రెండు తావులనుండి తీసినదానిని నేడు నూఱు తావులనుండి తీయుచున్నారు. ఎముకచుట్టును తిరుగుచు, ఒక ఫోటోలో కాన్పించిన భాగము ప్రక్క ఫోటోలోను సగమునకు మించి కాన్పించునట్లు వరుసగా తీసినచో, కంప్యూటరు ఆ ఫోటోలన్నింటిలోని సమానబిందువులను గుర్తించి, ప్రతి బిందువు దూరమును గణించి, తెరపై ఎటుబడిన నటు త్రిప్పదగిన ప్రతిరూపమును నిర్మించును. వీట్‌స్టన్ కనుగొన్న సూత్రమే యిది. మనస్సు చేయు పనిని గణితము చేయుచున్నది. లేసరు కిరణములతో తలమును కొలుచు యంత్రములు మఱింత సూక్ష్మముగా నిదే పని చేయును. ఆసుపత్రులలోని సీటీ స్కాను యంత్రమైతే రాతిని పగులగొట్టకయే లోపలి యెముకను పొరపొరగా చూపును. పండితులు తమ వ్యాసములలో పుర్రెల జంటచిత్రములను ప్రక్కప్రక్కన అచ్చువేయు నాచారము చాలకాలముగా నున్నదే. అది కాగితమును దాటి యీ స్థితికి వచ్చినది. వాషింగ్టనునందలి స్మిత్సోనియన్ మ్యూజియమువారు 1905లో నిలిపిన ట్రైసెరటాప్సు అస్థిపంజరము అనేక జంతువుల యెముకలతో కూర్పబడుటచే కాళ్లు కుదురక యుండగా, శతాబ్దాంతమున దానిని విప్పి, ప్రతి యెముకను లేసరుతో కొలిచి, చిన్నవైనవాని ప్రతిరూపములను తగిన పరిమాణమునకు పెంచి కూర్పును సరిదిద్దిరి. పండ్రెండు జంతువులనుండి కూర్చిన మన కోటసారసునకును ఇట్టి పరీక్ష యెంత మేలు చేయునో ఊహింపవచ్చును. 2018 సెప్టెంబరున రియో డి జనీరోలోని జాతీయ మ్యూజియము తగులబడినప్పుడు, అంతకుముందే స్కాను చేసియుంచిన శిలాజముల రూపములు అగ్నికి అందక నిలిచినవి. కల్లమేడు ఎముకలకు కావలసియుండినది ఇదియే.

మదరాసు ప్రజలకు త్రిమితీయ చిత్రముపై మక్కువ యెన్నడును తక్కువ కాలేదు. వ్యూ-మాస్టరు పెట్టెలో గుండ్రని బిళ్లలు త్రిప్పి చూచిన పిల్లలు ఈ నగరమున నెందఱో కలరు. 1984లో మలయాళమున వెలువడి, తెలుగున ‘చిన్నారి చేతన’గా వచ్చిన చిత్రమును నల్లకళ్లద్దములు పెట్టుకొని చూచుటకు జనులు విరుగబడిరి. తెరనుండి చేయి చాచిన వస్తువును అందుకొనబోయి నవ్వుకొన్న తరమది. కల్లమేడు వ్యాసము వెలువడినదియు ఆ దశకముననే. ‘జురాసిక్ పార్కు’ 1993లో వచ్చి, 2013లో త్రిమితీయముగా మరల వచ్చినప్పుడు, అమెరికా డైనోసారులు మౌంటు రోడ్డు ప్రేక్షకులపైకి ఉఱికినవి. మన కావేరి బృహత్కాయుని పిక్క ఎముకను ఆ విధముగా చూచిన కన్ను ఈ నగరములో నొక్కటియు లేదు. సాధనములు లేవనుటకు వీలులేదు, ఆసక్తి లేదనుటకును వీలులేదు. వినోదమునకు అక్కఱకు వచ్చిన విద్య సాక్ష్యమునకు అక్కఱకు వచ్చునని తలంచినవారు లేకపోవుటయే కారణమని నా నిశ్చయము.

భూగర్భశాస్త్రజ్ఞులకు స్టీరియోస్కోపు క్రొత్తది కాదని కూడ ఇచట చెప్పవలెను. విమానమునుండి తీసిన జంటఫోటోలను అద్దపు స్టీరియోస్కోపుక్రింద నుంచి, కొండల వరుసలను, రాతిపొరల వాలును చదువుట వారి దైనందిన విద్య. దానిని నేర్పుటకు డెహ్రాడూనులో 1966లో ప్రత్యేకసంస్థయే యేర్పడినది. మైళ్ల కొలది నేలను లోతుతో చూడనేర్చిన చేతులకు రెండు మీటర్ల యెముక లొంగనిదా? ఒక ఎముకను రెండు తావులనుండి ఫోటో తీయుటకు 1987లో గాని, 1929లో గాని అదనముగ నయ్యెడి వ్యయము మఱియొక పలక, మఱియొక ఫిల్ముముక్క.

కల్లమేడు పొరలు నేటికిని ఉదారముగనే యున్నవి. 2013లో జి. వి. ఆర్. ప్రసాదు ప్రభృతులు అచట దొరకిన కొలది మిల్లీమీటర్ల పన్నొకటి ట్రూడాంటు జాతి డైనోసారుదని వర్ణించిరి. భారతదేశమున ఆ జాతికి అదియే మొదటి యానవాలు. అంత చిన్న పన్ను పరీక్షకు నిలిచినది, అంత పెద్ద పిక్క నిలువలేదు. ఆ నేలలో బృహత్కాయుని బంధువులెవరును మిగిలియుండరని యెవడు చెప్పగలడు? అరియలూరు చుట్టును సిమెంటు కర్మాగారములకై సున్నపురాతి గనులు ప్రతిదినము త్రవ్వబడుచునే యున్నవి. అందు సముద్రపు శిలాజములు బయల్పడుచునే యున్నవి.

కావున భూగర్భపరిశీలన శాఖవారిని, ఎగ్మూరు మ్యూజియమువారిని, విశ్వవిద్యాలయములవారిని నేను కోరునదొక్కటి. నేలలో ఎముక కాన్పించిన దినముననే, దానిపై చేయి వేయుటకు ముందే, ప్రక్కన కొలబద్ద నుంచి, చుట్టును తిరిగి వరుసగా ఫోటోలు తీసి, త్రిమితీయరూపమును సిద్ధపఱచి, ఒక్కచోట గాక రెండుమూడు సంస్థలలో భద్రపఱుపుడు. బీరువాలలో నున్న పాత యెముకలలో దేనికి ఇట్టి రూపము లేదో దానికి ముందుగా చేయింపుడు. వానిని దాచిపెట్టక, యామనపల్లి బడిపిల్లయు, అరియలూరు బడిపిల్లయు చేతిలోని ఫోనునందు త్రిప్పి చూచునట్లు అందఱికిని తెఱచి యుంచుడు. ఈ వ్యాసమును చదువువారిలో గనులయొద్ద, పొలములయొద్ద, నదీతీరములందు తిరుగువారు ఉందురు. వారికి ఎన్నడైన అట్టి యెముక తారసపడినచో దానిని పెకలింపక, చుట్టును తిరిగి ఫోటోలు తీసి, ఆ తావును గుర్తించి, వెంటనే భూగర్భశాఖవారికి తెలియజేయవలెనని ప్రార్థించుచున్నాను.